98 అంటే బాగున్నట్టేనా?

మొన్న శ్రావణంలో ఊరెళ్లి గండి ఆంజనేయస్వామిని చూసుకున్నాం. మర్నాడు పరగడుపున నాయనకు ప్రొద్దుటూరులో రక్తపరీక్ష చేయించాను. మొత్తం కొలెస్టరాల్ 190, హెచ్‌డీఎల్ 32, ట్రైగ్లిజరైడ్లు 300, ఎల్‌డీఎల్ 98. "చెడ్డది వందలోపే గదబ్బీ, నెయ్యి మానేసినా గదా" అని నాయన సంబరం. నాకూ సంబరమే, రాత్రి కూర్చుని లెక్క చూసేదాకా.

ఆ 98 కొలిచింది కాదు. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం: మొత్తంలోంచి హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు తీసెయ్యడమే. 190-32-60. (నేను రాసిన ఏ కోడూ ఇంత చిన్నగా లేదు!) పైగా అది కొలెస్టరాల్ బరువే గానీ, దాన్ని మోసే కణాల లెక్క కాదు. వేంపల్లె నుంచి గండికి వందమంది రెండు బస్సుల్లో పోవచ్చు, పదిహేను ఆటోల్లోనూ పోవచ్చు. రోడ్డు ఇరుకయ్యేది బండ్లతోనే కదా. ట్రైగ్లిజరైడ్లు పెరిగి హెచ్‌డీఎల్ తగ్గినవాళ్లలో ఎల్‌డీఎల్ ఎక్కువగా ఈ ఆటోల్లాంటి చిన్న కణాల్లో ఉంటుంది. మనవాళ్లలో ఇది మామూలే. రక్తనాళం గోడలోకి దూరేది ఆ కణాలే. బండికో డ్రైవరున్నట్టు కణానికొక అపోబి ప్రోటీన్ ఉంటుంది, అది కొలిస్తే బండ్లెన్నో తేలుతుంది. అదీ అక్కర్లేదు, 190లోంచి 32 తీసేస్తే 158. ఉండాల్సింది 130 లోపు.

నెయ్యి మానడం మంచిదే. మరి మూడుపూటలా అన్నం, సాయంత్రం బొరుగులు? ట్రైగ్లిజరైడ్లు పెంచేది ఇవే. ఆ మాటన్నందుకు "అన్నం గూడా తిననీవా?" అని నాయన నాతో మాట్లాడ్డం మానేశాడు. అమ్మ మాత్రం ముద్దలు లెక్కపెట్టి వడ్డిస్తోంది. అపోబి పరీక్షకు దీపావళికి తీసుకెళ్లాలి, వస్తే.