మా ఊళ్ళో ఏముందని?

పోయిన సెప్టెంబరులో ఓ ఆదివారం. పొద్దున్న ఆరున్నరకి హైదరాబాద్‌ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఓ చింతచెట్టు కింద నిలబడి ఉన్నాను. ఒంట్లో బాగోక కాదు, హెరిటేజ్ వాక్‌కి! ఆఫీసులో ఫ్రెండ్సంతా పేర్లిచ్చేస్తే, ఇన్‌స్టాలో పెట్టుకోడానికి నాలుగు ఫొటోలైనా వస్తాయి కదా అని నేనూ వెళ్ళాను.

‘1908 సెప్టెంబరు 28న మూసీకి వరదొచ్చినప్పుడు 150 మంది దాకా ఈ చెట్టెక్కి బతికారు’ అన్నాడు గైడు. అందరూ తలెత్తి కొమ్మల వైపు చూశారు. నేనూ చూశాను. ఈ చెట్టు పక్కనుంచి బస్సులో ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. అదో కథని ఎప్పుడూ తెలీదు.

అక్కణ్ణుంచి మూసీ దాటి, పత్తర్‌గట్టీ కమానుల కిందుగా 1591 నాటి చార్మినార్ దాకా నడిచాం. లాడ్ బజార్‌లో లక్కగాజులు చేసే పొయ్యి దగ్గర కూర్చున్నాం. రాత్రికి పాతబస్తీలో ఓ ఇంట్లో కథల విందు. ఒక్కో వంటకం తేవడం, దాని వెనక కథ చెప్పడం. ఆ ఇంటావిడ వాళ్ళ నానమ్మ కథ చెప్తుంటే బిర్యానీ చల్లారిపోతున్నా ఎవరూ ముట్టుకోలేదు.

చివర్లో ఆవిడ నవ్వుతూ, ‘ఇప్పుడు మీ వంతు. మీ ఊరి కథ తలా ఒకటి చెప్పండి’ అంది. తెనాలి అమ్మాయి చెప్పింది. వరంగల్ అబ్బాయి చెప్పాడు. నా దగ్గరికి వచ్చేసరికి నోట్లోంచి ఒకటే మాట వచ్చింది.

‘మాది సాలూరండి. మా ఊళ్ళో ఏం ఉండదు... లారీలుంటాయంతే.’

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా నాన్న 28 ఏళ్ళు లారీ నడిపాడన్న సంగతి మాత్రం చెప్పలేదు.

ఆ రాత్రి రూముకొచ్చాక నిద్ర పట్టలేదు. మర్నాడు నాన్నకి ఫోన్ చేసి అడిగాను... ‘మన ఊరికి చరిత్రేమైనా ఉందా నాన్నా?’

‘ఏటుంటాదిరా మనూళ్ళో... లారీలుంటాయి’ అన్నాడు.

గైడు అవతారం

సంక్రాంతికి అరకు వెళ్దామని ప్లాన్ చేసుకుంటున్న నలుగురు ఫ్రెండ్స్‌ని, ‘ముందు మా ఊరు రండి. మా ఊళ్ళో వాక్, మా ఇంట్లో విందు. టికెట్ లేదు’ అని పిలిచేశాను. పిలిచాక భయమేసింది. ఏం చూపించాలి? మూడు నెలలు దొరికిందల్లా చదివాను, తెలిసినవాళ్ళందర్నీ అడిగాను. ఫోన్ నోట్స్‌లో పేజీలకి పేజీలు రాసుకున్నాను.

కనుమ మర్నాడు పొద్దున్న రైల్వేస్టేషన్ దగ్గర మొదలుపెట్టాం. బొబ్బిలి నుంచి మా ఊరికి రైలు పట్టా పడింది 1913లో. నా చిన్నప్పుడు దీనిమీద రైలుబస్సు నడిచేది. పేరుకి రైలు, చూడ్డానికి బస్సు. అమ్మమ్మగారింటికి వెళ్ళాలంటే అందులోనే. ఇదంతా చెప్పి, పట్టా ఆగిపోయిన చోట నిలబెట్టాను. ‘ఇక్కడితో లైను అయిపోయింది. ఎదురుగా కొండలు. 1931లో రాయపూర్‌కి లైను పూర్తయింది గానీ, అది పార్వతీపురం మీదుగా వెళ్ళిపోయింది. మా ఊరి రైలు కొండెక్కలేదు’ అన్నాను.

‘ఓహో’ అన్నారు.

తర్వాత శ్యామలాంబ అమ్మవారి గుడి. ఏళ్ళకోసారి వచ్చే ఆ పండక్కి ఎక్కడెక్కడి సాలూరు వాళ్ళూ ఇంటికొచ్చేస్తారని చెప్పాను. జమీందారీ రోజుల గురించి, 1948 చట్టంతో జమీందారీలు పోవడం గురించి చెప్పాను. ఒకడు ఆవలించాడు. తప్పు వాడిది కాదు, నేను చెప్తున్నది పరీక్షలో జవాబులా ఉంది.

వేగావతి ఒడ్డుకి వెళ్ళేసరికి కొంచెం ఊపిరొచ్చింది. అక్కడ ఫోన్ తీసి ‘మల్లీశ్వరి’ పాటలు పెట్టాను. ‘ఈ పాటలు కట్టిన సాలూరి రాజేశ్వరరావు పుట్టింది ఇక్కడికి దగ్గర్లోనే, శివరామపురంలో. 1935లో శ్రీకృష్ణుడి వేషం వేయడానికి సినిమాల్లోకి వెళ్ళినప్పటికి ఇంకా పిల్లాడు. సంగీత దర్శకుడు కోటి ఆయన కొడుకే. ఇంకో సంగతి... ఘంటసాలకి విజయనగరంలో సంగీతం నేర్పిన పట్రాయని సీతారామశాస్త్రి గారిని అందరూ సాలూరి చినగురువుగారు అనేవాళ్ళు. పెదగురువుగారంటే వాళ్ళ నాన్నగారు’ అన్నాను.

‘ఘంటసాల గురువుగారిది మీ ఊరా? మరి ఆ రోజు ఏం ఉండదన్నావేంట్రా?’ అని ఒకమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది. నా దగ్గర సమాధానం లేదు.

ఆ గేరులోనే దిగాలి

నా లిస్టులో ఆఖరిది లారీ బాడీలు కట్టే షెడ్లు. నిజం చెప్పాలంటే పెట్టాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి పెట్టింది. విజయవాడ తర్వాత మా ఊళ్ళోనే లారీలు ఎక్కువని చిన్నప్పట్నుంచీ వింటూనే పెరిగాం. ఛాసిస్ మాత్రమే వస్తుంది. క్యాబిన్, బాడీ, రంగులు, బొమ్మలు అన్నీ ఇక్కడే కడతారు. రంపప్పొట్టు వాసన, వెల్డింగ్ మెరుపులు, వెనక డాలా మీద బొమ్మ గీస్తున్న పెయింటరు. ఫ్రెండ్స్ మొదటిసారి ఫోన్లు బయటికి తీశారు.

అప్పుడే నాన్న ఫ్లాస్కుతో టీ పట్టుకుని వచ్చాడు. అమ్మ పంపించింది. టీ పోస్తూ పోస్తూ ఓ కొత్త బండి పక్క చెక్క మీద చెయ్యేసి, గుర్రాన్ని తట్టినట్టు తట్టాడు.

‘అంకుల్, మీరు ఏ రూట్‌లో నడిపేవారు?’ అని ఒకడు అడిగాడు.

‘ఘాటీ మీదే బాబు. పి.కోనవలస, సుంకి, కోరాపుట్, జగదల్‌పూర్, రాయపూర్. ఇక్కణ్ణుంచి అదే దారి. రైలెక్కలేని కొండ మరి... సరుకు ఎలాగెక్కుతాది? లారీయే మొయ్యాలి.’

నేను తెల్లబోయాను. పొద్దున్న పట్టా చివర్న నిలబడి నేను సగంలో వదిలేసిన వాక్యాన్ని నాన్న పూర్తి చేశాడు. ఊరి చరిత్రంతా ఆ దారే! ఉప్పు మూటలు వేసుకుని పెరికెడ్ల మందలతో బ్రింజారీలు జయపురం వైపు ఎక్కింది ఈ దారుల్లోనే. కింద నుంచి ఉప్పు పైకి, పైనుంచి ధాన్యం, పసుపు, చింతపండు కిందకి. ఎడ్ల తర్వాత బళ్ళు. బళ్ళ తర్వాత లారీలు. నేను నోట్స్‌లో వేర్వేరు పేజీల్లో రాసుకున్నవన్నీ ఒకే తాడు మీద పూసలని, నాన్న టీ గ్లాసు పట్టుకుని చెప్తే గానీ తెలియలేదు.

‘ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలి. డీజిల్ మిగులుతాదని న్యూట్రల్ కొట్టినోడు ఇంటికి రాడు. బ్రేకు మీదే ఆధారపడితే డ్రమ్ములు కాలిపోతాయి, ఆనక తొక్కినా పట్టదు. ఎదురుగా ఎక్కే బండి ఉంటే దిగేవోడే ఆగాలి. ఎందుకూ? లోడు బండి మధ్యలో ఆగిందంటే మళ్ళీ కదపడం కష్టం.’

అరగంట పాటు ఒక్కడూ ఆవలించలేదు.

నాన్న డ్రైవరుగా మొదలై, ఫైనాన్స్‌లో సొంత బండి కొని, డీజిలుకీ టైర్లకీ వాయిదాలకీ లెక్క కుదరక అమ్మేశాడు. బండి వెళ్ళిపోయిన రోజు ఏం మాట్లాడలేదు. తర్వాత కూడా దాని గురించి మాట్లాడింది లేదు. మేమూ అడగలేదు.

అడ్డాకుల విందు

రాత్రి డాబా మీద చాపలు పరిచాం. కొండల మీంచి వచ్చే అడ్డాకులతో కుట్టిన విస్తళ్ళు. చోడి అంబలి, వెదురు కొమ్ముల కూర, నాటుకోడి, గుమ్మడికాయ బెల్లం పులుసు, కొత్త కందులతో పప్పు, పండగ అరిసెలు. ఆ రోజే చింతపండవ్వ కూడా వచ్చింది. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ సంతకి దిగినప్పుడల్లా మా ఇంటికి రావడం, అమ్మకి చింతపండో కొండచీపుర్లో ఇవ్వడం, ఓ పూట ఉండి వెళ్ళడం ఆవిడకి అలవాటు. నాన్న ఆవిణ్ణి ‘అప్పా’ అంటాడు. ఎందుకు వస్తుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇంటి ముందు వేపచెట్టు ఎందుకుందని ఆలోచిస్తామా?

అమ్మ పప్పు వడ్డించబోతే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

‘వొద్దమ్మా. మా ఊళ్ళో ఇంకా కందికొత్త అవ్వలేదు.’

ఫ్రెండ్స్‌కి అర్థం కాలేదు. అవ్వే చెప్పింది. కొండ మీద ఏ పంట వచ్చినా ముందు ఊరంతా కలిసి పండగ చేసి దేవతకి పెట్టాలి. ఆ తర్వాతే ఎవరైనా తినాలి. కందులకి కందికొత్త, కొర్రలకి కొర్రకొత్త. పంట ఇంట్లోనే ఉన్నా, ఆకలేసినా, అంతవరకు ముట్టరు. ‘నానొక్కదాన్నే తినీస్తే ఎవులు సూస్తారు? ఎవులూ సూడరు. అయినా తినకూడదు’ అంది. ఆర్డర్ పెట్టిన పది నిమిషాల్లో బిస్కెట్ ప్యాకెట్ రాకపోతే చిరాకుపడే మా బ్యాచ్‌కి ఆ మాట కాసేపు అరగలేదు.

తర్వాత అవ్వ తన కార్డుల కథ చెప్పింది. ఆవిడ పుట్టిల్లు ఘాటీ దగ్గర, మెట్టినిల్లు కొటియా గ్రామాల్లో ఒకటి. ఆ 21 ఊళ్ళు మావంటే మావని ఆంధ్రా, ఒడిశా ఏళ్ళ తరబడి వాదించుకుంటున్నాయి. 1968లోనే సుప్రీంకోర్టుకెక్కిన గొడవ. ఆ ఊళ్ళలో చాలామందికి రెండు వైపుల కార్డులూ ఉంటాయి. ‘ఇద్దరు కొడుకులున్న ముసిల్దాన్లాగ ఉంది మా బతుకు. ఓట్లప్పుడు ఇద్దరూ వొస్తారు’ అంది. మేమంతా పగలబడి నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

‘అవ్వా, మీకు వీళ్ళెలా తెలుసు?’ అని ఎవరో అడిగారు.

అవ్వ నా వైపు చూసి, ‘ఈ బాబు పుట్టినప్పట్నుంచి’ అంది. తర్వాత నాన్న వైపు తిరిగి, ‘సెప్పు తమ్ముడా, పిల్లలడుగుతున్నారు’ అంది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. నేను పుట్టిన నాలుగో రోజుకి గానీ నాన్న నన్ను చూడ్డానికి రాలేదు. అమ్మమ్మ పోయేదాకా దెప్పుతూనే ఉంది. గొడవైనప్పుడు నేనూ ఒకసారి ఆ మాట అనేశాను. నాన్న ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు... ‘బండి ఆగిపోనాది.’

ఆ రాత్రి మిగతాది చెప్పాడు.

వానాకాలం. లోడుతో దిగుతుంటే ముందు కొండచరియ విరిగిపడింది. వెనక్కి వెళ్ళడానికి లేదు, ముందుకి దారి లేదు. బురదలో బండి మెల్లగా జారుతోంది. ‘చక్రం కింద రాయి పెట్టరా అని కేకేసినాను. కుర్రోడు, పద్దెనిమిదేళ్ళు నిండలేదు. పెట్టినాడు. రాయితోపాటు కాలు కూడా పడిపోనాది’ అన్నాడు నాన్న. క్లీనరు కేకలు విని పక్క ఊరి నుంచి కొండ జనం వచ్చారు. ఆ వానలో డోలీ కట్టి, అడ్డదారిన కుర్రాణ్ణి కిందికి మోశారు. మోసినవాళ్ళలో అవ్వ అన్నదమ్ములున్నారు. పురిటికని అప్పుడు పుట్టింట్లో ఉన్న అవ్వ, నాన్నకి మూడు రోజులు అంబలి పోసింది. మీ ఇంటిదానికి కూడా నెలలు నిండాయా అని అడిగి, వెళ్ళేటప్పుడు అమ్మకిమ్మని చింతపండు మూట కట్టి ఇచ్చిందట.

‘కుర్రోడు బతికినాడు. ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తాడు. కాలు మాత్రం కుంటే. కేకేసినోణ్ణి నానే కదా... అది సెప్పుకోడానికేటుంది?’

డాబా మీద ఎవరూ మాట్లాడలేదు. అమ్మకి ఇదంతా తెలుసని ఆవిడ మొహం చూస్తే అర్థమైంది. తెలియనిది నాకే. నేను లేచి వెళ్ళి నాన్న పక్కన కూర్చున్నాను. సారీ చెప్పాలనుకున్నాను గానీ, మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎవరికీ చెప్పుకోం. ఆయన విస్తట్లో ఓ అరిసె వేశాను. ‘సుగర్రా నాకు’ అన్నాడు. అయినా తినేశాడు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మీలో చాలామంది నాలాగే ఏదో ఒక చిన్న ఊరి నుంచి వచ్చి, ‘మా ఊళ్ళో ఏముందండీ’ అని నవ్వేస్తుంటారు. కోటలూ తేదీలూ వెతికితే దొరుకుతాయి. నాకూ దొరికాయి. అవి నిలబడి చూసేవి. మిగతా సగం మాత్రం మనింట్లోనే, మనం ఎప్పుడూ అడగని మనిషి నోట్లో ఉంటుంది. దానికి ఓ రాత్రి భోజనం, కొంచెం ఓపిక చాలు. ఆ మనిషి ఉండగానే అడగాలి, అంతే.

ఫ్రెండ్స్ అరకు వెళ్ళిపోయాక నేను హైదరాబాద్ బస్సెక్కాను. బస్సు కదిలేముందు నాన్న కిటికీ దగ్గరికొచ్చి, ఏదో డబ్బు సంగతి అడుగుతున్నట్టు గొంతు తగ్గించి అడిగాడు.

‘నీ ఫ్రెండ్సు మళ్ళీ ఎప్పుడొస్తారంటరా? ఈసారి ఘాటీ మీదికి తీసుకెళ్తాను. ఆ వంపు చూపించాల.’