నాథన్ రోడ్డు నుంచి సైవాన్‌హో దాకా

కౌలూన్‌లో నాథన్ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా నడిస్తే యౌ మా టే దగ్గర 1930 నాటి సినిమా హాలు కనిపిస్తుంది. ఇప్పుడందులో బొమ్మ ఆడదు. 2012 నుంచి కాంటనీస్ ఒపేరా ఆడుతోంది. హాంకాంగ్ కుంగ్‌ఫూ హాస్యచిత్రాలను తలుచుకోవడానికి ఇంతకంటే తగిన చోటు నాకు తోచదు. ఆ తన్నులూ పిల్లిమొగ్గలూ చాలావరకు రంగస్థలం నుంచే తెరకెక్కాయి. జాకీ చాన్, సమ్మో హంగ్, యుయెన్ వా, యుయెన్ చ్యూ చిన్ననాట ఒకే గురువు దగ్గర పెకింగ్ ఒపేరా నేర్చినవాళ్లు.

స్టార్ ఫెర్రీలో వాన్‌చాయ్‌కి దాటి, తూర్పుకు వెళ్లే ట్రామ్ ఎక్కాను. నార్త్ పాయింట్‌లో 1997లో మూతపడ్డ స్టేట్ థియేటర్ ఎదురవుతుంది. 1990ల మొదట్లో ఏడాదికి రెండు వందలకు పైగా సినిమాలు తీసిన ఊరు, 2005 నాటికి అరవై కూడా తీయలేకపోయింది. ఆ క్షీణకాలపు కుంగ్‌ఫూ హాస్యాన్ని చివరి నవ్వులుగా కొట్టిపారేయడం అన్యాయం. పరిశ్రమ పక్కనపెట్టిన వృద్ధ యోధులకు గౌరవంగా మళ్లీ చోటిచ్చింది ఆ హాస్యమే. వీరగాథలో నాయకుడికి వయసు మళ్లకూడదు. హాస్యంలో మాత్రం ముసలితనమే పాత్రకు బలం. స్టీఫెన్ చౌ 'కుంగ్‌ఫూ హసిల్' (2004) చూడండి. ఒకప్పుడు బ్రూస్ లీకి డూపుగా దూకిన యుయెన్ వా అందులో ఇంటాయన, ఏళ్ల తరబడి తెరకు దూరమైన యుయెన్ చ్యూ ఇంటావిడ. నోట్లో సిగరెట్టు, జుట్టు నిండా కర్లర్లతో ఆమె అరుస్తుంటే మొదట నవ్వొస్తుంది. ఆమె చేయి లేపగానే ఆ నవ్వు భక్తిగా మారుతుంది.

ఆ సినిమాకు పెట్టిన డబ్బులో హాలీవుడ్ వాటా ఉందనీ, షూటింగ్ షాంఘైలో జరిగిందనీ, దెబ్బల్లో సగం కంప్యూటర్ మాయేననీ అంటారు. డబ్బు, షూటింగ్, గ్రాఫిక్స్ సంగతి నిజమే. కానీ ఆ సినిమాలోని ఇరుకు లోగిలి, చోర్ యుయెన్ 1973లో తీసిన 'ద హౌస్ ఆఫ్ 72 టెనెంట్స్' నుంచి వచ్చింది. అంతకు ముందు ఏడాది కాంటనీస్‌లో సినిమాలు దాదాపు ఆగిపోయాయి. మాండరిన్ ముందు ఓడిన భాషకు ఊపిరిపోసిన చిత్రమది. ఇక 'కుంగ్‌ఫూ హసిల్'లో గొడ్డళ్ల ముఠాతో తలపడే దర్జీగా వేసిన చియు చి-లింగ్ హంగ్‌గార్ విద్యలో నిజమైన గురువు. ఆ ఒడుపును ఏ కంప్యూటరూ పుట్టించలేదు.

ఇదంతా గతం మీది మోజేనన్న మాట ఇంకా గట్టిది. 2001లో తెరిచిన సైవాన్‌హో ఫిల్మ్ ఆర్కైవ్ ముందు దిగాక కూడా దాన్ని తోసిపుచ్చలేం. అయినా 'గాలంట్స్' (2010) ఆ మోజునే ప్రశ్నించింది. ముప్పై ఏళ్ల కోమా నుంచి లేచిన గురువుకి లోకం మారిందని తెలియదు. ఎవరో కుర్ర గుమాస్తానే తన శిష్యుడనుకుంటాడు. అసలు శిష్యులు, బ్రూస్ లియాంగ్, చెన్ క్వాన్-తై, వ్యాయామశాలను టీ దుకాణంగా మార్చుకున్న ముసలివాళ్లు. గురువు భ్రమ చూసి నవ్వుతూనే ఆ శిష్యుల పోరాటాన్ని నిజమని నమ్ముతాం. 2011 హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఆ సినిమాకే ఉత్తమ చిత్రం అవార్డు దక్కింది.