కుక్కరు కొనేముందు

దేవుడి పటం లేని తెలుగు ఇల్లయినా ఉండవచ్చునేమో గాని, ప్రెషర్ కుక్కరు లేని ఇల్లు ఈ దేశంలో మాకింతవరకూ తటస్థపడలేదు. పెళ్ళికాని కుర్రవాళ్ళు నలుగురు కలిసి అద్దెకుండే అపార్టుమెంటులో మంచం ఉండదు, కుర్చీ ఉండదు, కుక్కరు మాత్రం ఉంటుంది. మేమిద్దరమూ గుంటూరులో డాక్టరీ చదివి ఇక్కడికి రెసిడెన్సీకి వచ్చిన కొత్తలో మా పెట్టెల్లో బరువైన వస్తువులు రెండే. హారిసన్ వైద్యగ్రంథం ఒకటి, మూడు లీటర్ల కుక్కరు ఒకటి. పుస్తకాన్ని ఏనాడో ఎవరికో ఇచ్చేశాము. కుక్కరు ఇప్పటికీ పొయ్యి మీదే ఉంది. కనుక ఈ నాలుగు మాటలూ కుక్కరు మీద కోపంతో రాస్తున్నవి కావని ముందుగా మనవి. మా ఫిర్యాదంతా దాని వేషం వేసుకుని తిరిగే నకిలీల మీద.

మన దేశంలో కుక్కర్ల తయారీ 1959 ప్రాంతాల మొదలయింది. హాకిన్స్, ప్రెస్టీజ్ రెండూ ఇంగ్లండు నుంచి వచ్చిన పేర్లే. మన అమ్మల తరంలో అవి కంపెనీ పేర్లుగా కాక వస్తువు పేర్లుగానే చెలామణీ అయ్యాయి. పేరు అంత గట్టిగా నాటుకున్నచోట దాని నీడన బతికేవాళ్ళు బయలుదేరడం ఎక్కడైనా ఉన్నదే. ఒక అక్షరం అటో ఇటో మార్చి, అదే రంగు పెట్టె మీద అదే వంపు అక్షరాలు వేయిస్తారు. దూరంనుంచి చూస్తే అచ్చం అదే. దగ్గరనుంచి చూసినా, చదువు వచ్చినవాడికి కూడా, తొందరలో అదే. చీరె అయితే రెండు ఉతుకులకు రంగు దిగి గుట్టు బయటపెడుతుంది. కుక్కరు అలా కాదు. ఏడాది రెండేళ్ళు నిక్షేపంగా పప్పు ఉడికించి పెడుతుంది. మనకు నమ్మకం కుదిరాకనే దాని అసలు రూపం చూపిస్తుంది.

ఎందుచేతనంటే కుక్కరులో మనం డబ్బిచ్చి కొనేది గిన్నెను కాదు. గిన్నెను ఎవడైనా చేస్తాడు. మామూలుగా కుక్కరులో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఒక కిలో దాకా పెరుగుతుంది, లోపలి వేడి 120 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరుతుంది. మూత అడ్డుకొలత 20 సెంటీమీటర్లనుకోండి. లెక్క వేస్తే ఆ మూతను పైకి తన్నే బలం 300 కిలోలు దాటుతుంది. ఇక్కడ మనం ఇండియన్ స్టోరులో కొనే ఇరవై పౌన్ల బియ్యం సంచులు ముప్పైఅయిదు ఆ మూత మీద పేర్చితే గాని సరిపోదన్నమాట. అంత బలాన్ని రోజుకు రెండుపూటలా, చంటిపిల్లలు తిరిగే వంటింట్లో, అదుపులో పెట్టేవి మూడే మూడు చిన్న వస్తువులు: మూత మీది వెయిటు, పక్కన సేఫ్టీ వాల్వు, అంచున రబ్బరు గ్యాస్కెట్టు. మనం డబ్బు పోసి కొనేది ఈ మూడింటినీ. నకిలీవాడు డబ్బు మిగుల్చుకునేదీ ఈ మూడింటి మీదే.

వెయిటు మనకు ఈల వేసి పలకరిస్తుంది గనుక దాని సంగతి అందరికీ తెలుసు. సేఫ్టీ వాల్వు పాపం మౌని. దాని నడుమ తక్కువ వేడికే కరిగే మిశ్రలోహం ఉంటుంది. పప్పు నురగ వచ్చి వెయిటు కింది గొట్టం పూడుకుపోయినా, నీళ్ళు ఇగిరిపోయి గిన్నె మాడినా, వేడి హద్దు దాటగానే ఆ లోహం కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. తన పని జీవితంలో ఒక్కసారే చేస్తుంది, చేసి చస్తుంది. బయటి మూత రకాల్లో మరో ఏర్పాటు కూడా ఉంటుంది. మూత అంచున ఒక చిన్న సందు వదులుతారు. ఒత్తిడి మరీ పెరిగితే గ్యాస్కెట్టు ఆ సందులోంచి ఉబికి, ఆవిరిని కిందకు, మనిషికి దూరంగా వదులుతుంది. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచివాడు లండనులో ఎముకలు కూడా మెత్తబడే పాత్ర చేసి చూపించాడు. ఆ పాత్ర పేలకుండా ఆవిరిని బయటికి వదిలే వాల్వు కూడా ఆయన పుణ్యమే. అంటే కుక్కరు తెలిసినవాడికి మొదటినుంచీ వాల్వు విలువ తెలుసు. తెలియనివాడు బేరం ఆడే మనమే.

ఇది వట్టి సిద్ధాంతం అనుకునేవారి కోసం ఒక సంగతి చెప్పాలి. ఆ కుటుంబం అనుమతి తీసుకునే, ఊరూ పేరూ లేకుండా చెబుతున్నాము. మాలో ఒకరు పనిచేసే ఆసుపత్రి అత్యవసర విభాగానికి ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక తెలుగు పెద్దావిడను తీసుకొచ్చారు. కూతురి పురిటికి వచ్చి రెండు నెలలయిందట. కుడి మోచేయి, మెడ, చెంప ఆవిరికి ఉడికిపోయాయి. కళ్ళజోడు ఉండబట్టి కన్ను దక్కింది. మరునాడు అల్లుడుగారు కుక్కరు మూతను ఒక సంచిలో పెట్టి తెచ్చి మాకు చూపించారు. గిన్నె అసలు కంపెనీదే. ఆరు నెలల కిందట వాల్వూ గ్యాస్కెట్టూ మార్చవలసివస్తే, అసలు పేరు పెట్టి చవకగా అమ్ముతున్న జత ఒకటి తెప్పించుకున్నారు. ఆవిరి గొట్టం నిండా కందిపప్పు తెట్టు. దాని పక్కన వాల్వు చెక్కుచెదరకుండా కొత్తదానిలా మెరుస్తోంది! కరగవలసినచోట గీరి చూస్తే గట్టి ఇనుపముక్క. గ్యాస్కెట్టు సందులోంచి ఉబకలేదు, పిడి దగ్గర చీలిపోయింది. ఆవిడ ఆ పిడి పక్కనే నిలబడి పోపు పెడుతున్నారు.

ఆవిడ కోలుకున్నారు. మెడ మీద చర్మం అతికించవలసి వచ్చింది. ఆవిడ పడిన బెంగ మాత్రం ఒంటికి సంబంధించినది కాదు. "పిల్ల పురుడు పొయ్యడానికొచ్చి నేనే దానిచేత చేయించుకుంటున్నానమ్మా" అని వచ్చిన ప్రతివారికీ చెప్పుకుని ఏడ్చారు.

ఆవిరి కాలిన గాయం నీళ్ళు ఒలికిన గాయం కన్న చెడ్డది. ఒక గ్రాము ఆవిరి చర్మం మీద నీరుగా మారేటప్పుడే 540 కెలోరీల వేడి వదులుతుంది, ఆ పైన ఆ వేడినీరు చేసేది వేరే. కాబట్టి అటువంటిది జరిగితే మొదటి పని కుళాయి కింద చల్లటి నీటి ధారలో ఇరవై నిమిషాలు ఉంచడం. గడియారం చూసి ఇరవై నిమిషాలు సుమండీ, ఇరవై సెకన్లు కాదు. మంచుముక్కలు వద్దు. సిరా, టూత్‌పేస్టు, పసుపు, వెన్న ఏదీ వద్దు. మా చిన్నతనంలో సిరాబుడ్డి ఒంపిన పెద్దలకు నమస్కారం గాని, కింద గాయం ఎంత లోతో మాకు కనబడకుండా పోతుంది. ఇంకొకటి, ఇక్కడి నర్సులకు తట్టనిది: చేతి గాజులు, ఉంగరాలు వెంటనే తీసేయండి. గంటలో చెయ్యి వాచాక ఆ బంగారాన్ని కోయాల్సి వస్తుంది. ముఖమో, అరచెయ్యో, కీళ్ళో కాలితే 911కు ఫోను చెయ్యండి, బిల్లు సంగతి తరవాత చూసుకుందాం.

నకిలీల్లో రెండో ప్రమాదం ఈల వెయ్యదు, పేలదు, కనుక దాని మాట ఎవరూ ఎత్తరు. నాసిరకం అల్యూమినియం పాత్రలు పాత తుక్కు కరిగించి పోసినవి కావచ్చు. ఆ తుక్కులో ఏముందో భగవంతుడికెరుక. మన హిందాలియం పాత్రలతో సహా దిగుమతి అయిన కొన్ని అల్యూమినియం, ఇత్తడి వంటపాత్రల్లోంచి ఆహారంలోకి సీసం దిగుతోందని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2025 ఆగస్టులో హెచ్చరించింది. వాషింగ్టన్ రాష్ట్రం అంతకుముందే, 2024లో, చట్టం చేసింది. 2026 జనవరి 1 నుంచి అక్కడ పదిలక్షల పాళ్ళలో 5 పాళ్ళకు మించి సీసమున్న వంటపాత్రలు అమ్మకూడదు. మన వంటలో చింతపండు పులుసు ఎంతసేపు మరుగుతుందో మీకు చెప్పనక్కర్లేదు, పులుపుకు లోహం ఇంకా తేలిగ్గా దిగుతుంది. పిల్లల మెదడు ఎదిగే వయసులో ఇంత సీసం అయితే ఫరవాలేదు అనే లెక్క లేదు. ఇక్కడ డెసిలీటరు రక్తానికి 3.5 మైక్రోగ్రాములు దాటితే శ్రద్ధ పెట్టాలని 2021 నుంచి లెక్క. ఏడాది, రెండేళ్ళ పిల్లలున్నవారు, ఊరూ పేరూ లేని పాత్రల్లో వండుతుంటే, పిల్లల డాక్టరును అడిగి పరీక్ష చేయించండి. అడగకపోతే వాళ్ళకు మన వంటింటి సంగతి తోచదు.

ఇక అసలుదాన్ని పోల్చుకోవడం ఎలాగ? పేరును నమ్మవద్దు, పెట్టెను నమ్మవద్దు. 2021 ఫిబ్రవరి 1 నుంచి మన దేశంలో అమ్మే ప్రతి కుక్కరుకూ ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి. ఆ ముద్ర కూడా దొంగది వేస్తారు గదా అంటారా? వేస్తారు. అందుకే ముద్రకు పైనా కిందా చూడాలి. పైన ఐ.ఎస్. 2347 అని కుక్కర్ల ప్రమాణం అంకె ఉండాలి. కింద సి.ఎం./ఎల్. అనే అక్షరాల తరవాత లైసెన్సు నంబరు ఉండాలి. బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ కంపెనీది, ఇంకా చెల్లుతుందా లేదా, ఇట్టే తెలిసిపోతుంది. బేగంబజారులో కొన్నా, బీసెంటు రోడ్డులో కొన్నా, అంగట్లో నిలబడే చూసుకోవచ్చు. ఇక్కడ కొనేదయితే యు.ఎల్. గుర్తు ఉందేమో చూడండి. ఈ దేశంలో అది నిర్బంధం కాదు గనుక గుర్తు లేనివి కూడా నిరభ్యంతరంగా అమ్ముడవుతాయి.

పెద్ద ఆన్‌లైన్ అంగడి గదా, చూసే పెట్టి ఉంటారులే అనుకునేవారికి ఒక లెక్క. 2022 ఆగస్టులో మన కేంద్ర వినియోగదారుల సంస్థ అటువంటి రెండు పెద్ద అంగళ్ళను పట్టుకుంది. ప్రమాణానికి నిలవని కుక్కర్లు ఒకరు 2,265 మందికి, మరొకరు 598 మందికి అమ్మారని తేల్చి, కొన్నవారందరికీ కబురు చేసి డబ్బు తిరిగి ఇమ్మని ఆదేశించింది. జరిమానా లక్ష రూపాయలు చొప్పున. ఆ అంగళ్ళకు అది కాఫీ ఖర్చు అని మా అభిప్రాయం.

అసలు కంపెనీల కుక్కర్లు చెడిపోవా అంటే, చెడతాయి. 2020 నవంబరులో ఇక్కడ ఒక పేరున్న ఎలక్ట్రిక్ కుక్కరును, మూత సరిగా బిగియకుండానే ఒత్తిడి పుంజుకుంటోందని, తొమ్మిది లక్షలకు పైగా వెనక్కు పిలిపించారు. కాని పిలిపించడానికి ఒక కంపెనీ, ఒక చిరునామా, ఒక మోడలు నంబరు ఉన్నాయి. నకిలీవాడిని ఏ చిరునామాకు పిలుస్తాము?

ఈ పత్రిక చదివేవారిలో సగం మంది తల్లిదండ్రులు వేసవికి వస్తారు. "ఏం తెమ్మంటారు?" అని ఫోనులో అడుగుతారు. కుక్కరు వద్దనండి. మీ కుక్కరు మోడలూ లీటర్లూ రాసి ఇచ్చి, కంపెనీ సొంత సర్వీసు సెంటరులో గ్యాస్కెట్టు ఒకటి, వాల్వు ఒకటి, సీలు విప్పని పాకెట్టులో తెమ్మనండి. బరువు లేదు, కస్టమ్సువాడు చూడడు. ఒక కుక్కరు వెయిటు మరో కుక్కరుకు పెట్టకండి, సరిపోయినట్టే కనిపిస్తుంది గాని ఒత్తిడి లెక్క తప్పుతుంది. పప్పు సగానికి మించి పొయ్యకండి. మూత పెట్టేముందు గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చూడండి, అవతలి వెలుగు కనబడాలి.

మా ఇంటికి కిందటేడు వచ్చిన పెద్దావిడ (మాలో ఒకరికి అమ్మ, ఒకరికి అత్తగారు) ఈ సలహా చెప్పేలోగానే కుక్కరుతో దిగారు. దాని కడుపు నిండా కందిపొడి, ఆవకాయ పొట్లాలు. పెట్టె మీద పేరులో ఒక అక్షరం అదనం. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉంది, పైన అంకె లేదు, కింద నంబరు లేదు. అంగడివాడు అది ఎక్స్‌పోర్టు రకమని చెప్పాడట. మేము పొడులు, పచ్చడి తీసి సర్దుకుని, కుక్కరును మాత్రం పొయ్యెక్కించము అన్నాము.

"ఎనిమిది వేల మైళ్ళు మోసుకొచ్చానర్రా! ఒక్కసారి వండి చూస్తే మీ సొమ్మేం పోయింది?" అన్నారావిడ. రెండు రోజులు మాతో సరిగా మాట్లాడలేదు. మూడోనాడు యాప్ తెరిచి మా పాత కుక్కరు నంబరు ఆవిడ చేతనే కొట్టించాము. కంపెనీ పేరు రాగానే కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. తరవాత తన చెల్లెలికి ఫోను చేసి, "నీదీ అక్కడే కొన్నావు గదుటే, మూత తెచ్చి చూడు" అన్నారు.

అటువంటిదాన్ని పాతసామాను దుకాణానికి ఇవ్వకండి, మరొక ఇంటికి చేరుతుంది. మేము పిళ్ళు విప్పేసి, వాల్వు పీకేసి, మూతను ఒక వారం, గిన్నెను ఇంకొక వారం చెత్తబండికి వేశాము.