గ్రీకు మాటల ఆచూకీ

ఇవాళ ఒక వెతుకులాట గురించి చెప్పుకుందాం. రెండున్నర వేల ఏళ్ళ నాటి గ్రీకు కావ్యాల్లో, నాటకాల్లో, తత్వగ్రంథాల్లో ఒక మాట ఎక్కడెక్కడ వచ్చిందో తెలుసుకోవాలనుకోండి. ఏం చేస్తారు?

వెనకటికి ఒకటే దారి, చేత్తో రాసుకోవడం. గై లషింగ్టన్ ప్రెండర్‌గాస్ట్ అని ఒకాయన ఉండేవాడు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసినవాడు. హోమర్ రాసిన ఇలియడ్‌లోని 15,000 పైచిలుకు పంక్తుల్లో ఏ మాట ఎక్కడ వచ్చిందో చూపించే పదసూచికని 1875లో అచ్చువేయించాడు. మన మద్రాసు ప్రెసిడెన్సీలో దొరతనం చేసిన మనిషి హోమర్‌ని మాట మాటగా విడదీసి కూర్చాడంటే ఆ ఓపికకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

ఆ తరవాత ఒక్కసారిగా 1972కి వచ్చేద్దాం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అర్వైన్. మరియాన్ మెక్‌డొనాల్డ్ అనే పరిశోధక విద్యార్థిని ప్రాచీన గ్రీకు గ్రంథాలన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించాలని ప్రతిపాదించి, డబ్బు కూడా తానే ఇచ్చింది. థియోడర్ బ్రన్నర్ పనికి పెద్దగా నిలిచాడు. పేరు ‘థెసారస్ లింగ్వే గ్రేకే’. 1572లో ఆంరీ ఎస్తియన్ వేసిన మహానిఘంటువు పేరు అదే, సరిగ్గా 400 ఏళ్ళ ముందు. ప్లేటో నుంచి ఏదైనా ఉటంకించేటప్పుడు పక్కన అంకె, దాని వెనక ఒక అక్షరం వేస్తారు చూడండి, అవి ఇదే ఎస్తియన్ 1578లో వేసిన ప్రతిలోని పుటల గుర్తులు. ఈనాటి సాఫ్ట్‌వేర్ కూడా ఆ గుర్తు కొడితే సరిగ్గా ఆ చోటుకే తీసుకెళ్ళాలి. లేకపోతే పండితులు దాని మొహం చూడరు.

ఎక్కించడం అన్నానే గానీ, అప్పటి యంత్రాలకి ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఏవీ రావు. గ్రీకు అక్షరం నెత్తిన ఊపిరి గుర్తులు, స్వరం గుర్తులు, కొన్నిటికి కింద చిన్న అయోటా. దీనికి డేవిడ్ పాకర్డ్ ‘బీటా కోడ్’ అని ఒక ఉపాయం పన్నాడు. థీటాకి క్యూ, ఒమేగాకి డబ్ల్యూ, ఊపిరి గుర్తులకి బ్రాకెట్లు, స్వరాలకి ఏటవాలు గీతలు. కంటికి ఇంపుగా ఉండదు. అయినా ఒక్క గుర్తు కూడా పోకుండా గ్రీకు సాహిత్యమంతా అందులో ఇమిడిపోయింది. తరవాత యూనికోడ్ వచ్చింది, దాని తంటాలు దానివి. అచ్చం ఒకేలా కనిపించే స్వరం గుర్తుకి అందులో రెండు సంకేతాలున్నాయి. మీరు ఒకటి కొడతారు, గ్రంథంలో ఇంకొకటి ఉంటుంది. మాట కళ్ళెదుటే ఉన్నా యంత్రం లేదంటుంది. అందుకని వెతికే ముందు రెండింటినీ ఒకే రూపానికి తేవాలి.

ఇదంతా ఒక ఎత్తు, క్రియలు ఒక ఎత్తు. అసలు కథ ఇక్కడుంది.

‘లూఓ’ అంటే విప్పుతాను. గతంలోకి వెళ్తే ముందు ‘ఎ’ చేరి ‘ఎలూఒన్’ అవుతుంది. విప్పేశాను అనాలంటే మొదటి హల్లు రెట్టించి ‘లెలుక’. (ఎ, ఏ, ఒ, ఓలని గ్రీకు లిపి కూడా మనలాగే విడివిడిగా రాస్తుంది. అందుకే ఈ మాటలు మన లిపిలో ఇంత హాయిగా ఒదుగుతాయి.) అంటే మాట చివరే కాదు, మొదలు కూడా మారిపోతుంది. ఇక ‘ఫెరో’ చూడండి, మోస్తాను అని. భవిష్యత్తులో ‘ఒయ్సో’. గతంలో ‘ఏనెంక’. మూడింటికీ ఒక్క అక్షరం పోలిక లేదు! వచ్చాడు, రాడు రెండూ ఒకే క్రియ అని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. యంత్రానికి మాత్రం చెప్పి తీరాలి.

ఆ చెప్పే పనిని గ్రెగరీ క్రేన్ నెత్తినేసుకున్నాడు. ‘మార్ఫియస్’ అని ఆయన రాసిన ప్రోగ్రాం ఏ రూపం ఇచ్చినా విడదీసి, ఇది ఫలానా ధాతువు, ఫలానా కాలం, ఫలానా పురుష అని చెబుతుంది. ఒక రూపం రెండు మూడు రకాలుగా కుదిరితే అన్నీ ముందు పెడుతుంది, ఏది సరైనదో చదివేవాళ్ళే సందర్భం చూసి తేల్చుకోవాలి. ఈ నిజాయితీ నాకు చాలా నచ్చుతుంది. దాన్ని ఆధారం చేసుకునే ‘పెర్సియస్’ అనే కంప్యూటర్ గ్రంథాలయం నడిచింది. గ్రీకు మాట మీద నొక్కితే వ్యాకరణం, అక్కణ్ణుంచి 1843లో మొదట వెలువడిన లిడెల్, స్కాట్‌ల నిఘంటువులోని అర్థం. డర్హమ్‌లో లాటిన్ పండితుడు పీటర్ హెస్లిన్ ‘డయోజనీస్’ అని ఇంకొక ప్రోగ్రాం రాసి ఉచితంగా ఇచ్చాడు. పట్టపగలు దీపం పట్టుకుని మనిషి కోసం వెతికాడంటారే, ఆ తత్వవేత్త పేరు. వెతికే పనిముట్టుకి ఇంతకన్నా మంచి పేరు దొరుకుతుందా చెప్పండి!

పెర్సియస్ వాళ్ళు పాఠాలనీ ప్రోగ్రాములనీ అందరికీ తెరిచి పెట్టేశారు. ఎవరైనా తీసుకోవచ్చు, తప్పులు దిద్దవచ్చు, దాని మీద కొత్తది కట్టవచ్చు. నన్నడిగితే వాళ్ళు చేసిన అన్ని పనుల్లోకీ ఇదే గొప్పది. గ్రీకు చెప్పే పంతులు లేని ఊళ్ళో ఉన్న పిల్లవాడికి కూడా హోమర్ మొదటి పంక్తి అందింది దీనివల్లే.

ఒక్కటి మాత్రం నా మనసులో మెదులుతూనే ఉంటుంది. మనకి దక్కినవి హోమర్ చేతిరాతలు కావు, వందల ఏళ్ళ తరవాత లేఖకులు ఎత్తిరాసిన ప్రతులు. ఒక ప్రతిలో ఒక పాఠం, మరో ప్రతిలో మరొకటి. సంపాదకుడు ఒకదాన్ని ఎంచుకుని, మిగతావాటిని పుట అడుగున చిన్న అక్షరాల్లో చూపిస్తాడు. కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు చాలావరకు పైన ఉన్న పాఠమే ఎక్కింది, అడుగున ఉన్నది అక్కడే ఉండిపోయింది. కాబట్టి ‘ఈ మాట ఫలానా కవి వాడలేదు’ అని యంత్రం చెప్పిందంటే, ఒక సంపాదకుడు ఎంచుకున్న పాఠంలో లేదని మాత్రమే అర్థం. ఆ అడుగు పంక్తుల్ని కూడా వెతకడానికి వీలుగా ఎక్కించే పని ఇంకా చాలా మిగిలి ఉంది. గ్రీకూ ప్రోగ్రామింగూ రెండూ వచ్చినవాళ్ళు దానికి కావాలి.