మిణుగురుల చెరువు గట్టున

జపాన్ వెళ్తున్నానంటే అందరూ ఫుజీ పర్వతం ఫొటోలు పంపమన్నారు. ఆఫీసు పని మీద ఒసాకాలో రెండు నెలలు. మొదటి ఆదివారం దొరకగానే నేను ఎక్కింది మాత్రం కోబె రైలు. కారణం, ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో హాస్టల్ గదిలో చూసిన ఒక బొమ్మల సినిమా.

‘గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్’. మిణుగురుల సమాధి. 1988లో స్టూడియో జిబ్లీ తీసింది. దర్శకుడు ఇసావో తకహాతా. పద్నాలుగేళ్ల సెయిటా, నాలుగేళ్ల చెల్లెలు సెత్సుకో. అమ్మ బాంబు దాడిలో పోతుంది. నాన్న నేవీలో, జాడ లేదు. దూరపు బంధువైన అత్తయ్య ఇంట్లో కొన్నాళ్లు ఉండి, ఆవిడ మాటలు పడలేక చెరువు పక్కన ఒక సొరంగంలోకి కాపురం మారుస్తారు. ఆ తర్వాత ఆకలి. కార్టూనే కదా అని కూర్చున్న ఆరుగురం, అయిపోయాక ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఒసాకా నుంచి సన్నోమియా స్టేషన్ అరగంట లోపే. సినిమా ఇక్కడే మొదలవుతుంది. 1945 సెప్టెంబర్ 21 రాత్రి సెయిటా ఈ స్టేషన్లోనే ఒక స్తంభానికి ఆనుకుని చనిపోతాడు. అంటే ముగింపు ముందే చెప్పేస్తారు. అయినా రెండో గంటకి మన గుండె ఎందుకు ఆగదో నాకిప్పటికీ అర్థం కాదు. ఇప్పుడక్కడ జనం, బేకరీ వాసన, బ్యాగులు లాక్కుంటూ టూరిస్టులు. నేనూ ఒక స్తంభం దగ్గర కాసేపు నిలబడ్డాను. నన్నెవరూ చూడలేదు. ఆ రోజు వాడినీ ఎవరూ చూడలేదు.

అక్కణ్నుంచి హాన్షిన్ లైన్లో, అన్ని స్టేషన్లలో ఆగే చిన్న రైలెక్కి ఇషియాగావాలో దిగాను. 1945 మార్చి 17న, మళ్లీ జూన్ 5న అమెరికన్ బి-29 విమానాలు కోబె మీద నిప్పు బాంబులు కురిపించాయి. చెక్క ఇళ్ల ఊరు, కాలిపోయింది. సినిమాలోది జూన్ దాడి. మంటలు తగ్గాక పిల్లలిద్దరూ ఏటి గట్టు మీంచి చూస్తే, బూడిదలో ఒక పెద్ద కట్టడం మిగిలి కనిపిస్తుంది. అదే మికాగే పబ్లిక్ హాలు. 1933లో కట్టింది. బాంబుల్ని తట్టుకుంది, 1995 భూకంపాన్నీ తట్టుకుంది. ఇప్పటికీ ఏటి పక్కనే ఉంది. సినిమాలో చూసింది కళ్ల ముందు కనబడితే సంతోషించాలి కదా, నాకు కాళ్లు వణికాయి.

మళ్లీ రైలెక్కి కోరోఎన్‌లో దిగాను. సెత్సుకో సముద్రంలో ఆడుకున్నది ఈ తీరంలోనే. నేను సముద్రం వైపు వెళ్లకుండా షుకుగావా ఏటి గట్టు పట్టుకుని ఉత్తరానికి నడిచాను. రెండు వైపులా దేవదారు లాంటి పైన్ చెట్లు, చెర్రీ చెట్లు. ముప్పావు గంట నడిస్తే నితెకో చెరువు.

అసలు షాక్ ఇక్కడే. ఇన్నేళ్లూ ఆ చెరువు ఊరికి దూరంగా, అడవిలో ఉంటుందనుకున్నాను. కాదు. చుట్టూ ఇళ్లే. ఇప్పుడు కట్టిన ఇళ్లు చాలా ఉన్నాయనుకోండి, కానీ అప్పుడు కూడా ఇది ఊరి అంచే. సినిమాలోనూ అవతలి గట్టున ఇళ్లున్నాయి. యుద్ధం అయిపోగానే ఆ ఇంటివాళ్లు తిరిగొచ్చి గ్రామఫోన్ పెట్టుకుంటారు. సెత్సుకో పోయింది కేక వేస్తే వినబడే దూరంలో.

దగ్గర్లోని భూకంప స్మారక పార్కులో, ఈ కథ పుట్టింది ఇక్కడేనని 2020లో ఒక రాయి నాటారు. కథ రాసింది అకియుకి నొసాకా, 1967లో. సగం ఆయన జీవితమే. జూన్ 5 దాడిలో పెంచిన తండ్రి పోయాడు. పద్నాలుగేళ్ల వయసులో పసి చెల్లెల్ని తీసుకుని ఈ చెరువు దగ్గరి బంధువుల ఇంటికొచ్చాడు. తర్వాత ఆ పాప ఫుకుయిలో ఆకలితో చనిపోయింది. తను సెయిటా అంత మంచివాణ్ని కాదని, పాపకి పెట్టాల్సిన తిండి తనే తిన్నానని ఆయన దాచుకోకుండా చెప్పాడు. అలా ఉండాల్సిన అన్నయ్యని కాగితం మీద తయారుచేసుకున్నాడన్న మాట.

హాస్టల్లో చూసినప్పుడు మా అందరి కోపం అత్తయ్య మీదే. పిల్లల అమ్మ కిమోనోలు అమ్మి బియ్యం కొని, పనికెళ్లేవాళ్లకి అన్నం, వీళ్లకి గంజి పోస్తుంది. రాక్షసి అన్నాం. మొన్న మళ్లీ చూస్తే సెయిటా మీద కూడా కోపమొచ్చింది. బ్యాంకులో అమ్మ దాచిన ఏడు వేల యెన్‌లున్నాయి. తల వంచుకుని వెనక్కి వెళ్లుంటే పాప బతికేదేమో! ఇది కేవలం యుద్ధ వ్యతిరేక సినిమా కాదని తకహాతా పదే పదే అన్నది ఇందుకేనేమో. ఆయనా తొమ్మిదేళ్లప్పుడు ఒకాయమా బాంబు దాడిలోంచి ప్రాణాలతో బయటపడ్డవాడే.

గట్టున కూర్చుంటే ఇంకోటి గుర్తొచ్చింది. లాక్‌డౌన్‌లో మా బాబాయి కొడుకు ఉద్యోగం పోయి నా గదిలో నాలుగు నెలలున్నాడు. ఒకరోజు అన్నం తింటుంటే “కరెంటు బిల్లు ఈసారి బాగా ఎక్కువొచ్చింద్రా” అన్నాను. అంతే, ఇంకేం అనలేదు. మర్నాడు పొద్దున్నే బ్యాగు సర్దుకుని వెళ్లిపోయాడు. “ఉండరా” అన్నాను కానీ, గట్టిగా అనలేదు. నిజం చెప్పాలంటే గది ఖాళీ అయిందని హాయిగా అనిపించింది. వాడికేం కాలేదు, ఇప్పుడు నాకంటే మంచి ఉద్యోగంలో ఉన్నాడు. కానీ మా ఇంటికి రాడు.

అత్తయ్య కూడా అంతకన్నా పెద్దగా ఏమీ అనలేదు. వెళ్తామంటే ఆపలేదు, అంతే.

సాయంత్రమైంది. ఒక ఇంట్లోంచి గిన్నెల చప్పుడు, చిన్నపిల్ల నవ్వు స్పష్టంగా వినిపించాయి. మిణుగురులు ఒక్కటీ కనబడలేదు.

ఒసాకా చేరాక వాడికి ఫోన్ చేశాను. పాత సంగతి ఎత్తే ధైర్యం లేక, “తిన్నావా?” అన్నాను.

కాసేపు ఆగి, “తిన్నా అన్నయ్యా. నువ్వూ?” అన్నాడు.