చిత్రాంగి నుంచి త్యాగయ్య వరకు

అలిపిరి పాదాల మండపం వద్ద వేకువజామునే గోవింద నామస్మరణ మొదలవుతుంది. మెట్టుమెట్టుకూ పసుపుకుంకుమలు అద్దుతూ కొండనెక్కే భక్తులను చూసినప్పుడు, పాత చిత్రాలెరిగిన తెలుగువారికి ఒక ముఖం స్ఫురించక మానదు. పోతనగా, వేమనగా, త్యాగయ్యగా, రామదాసుగా వెండితెరపై వెలిగిన ముఖమది. ఆ నటుడి పేరుకు ముందు శాశ్వతంగా నిలిచిన ఊరు, అలిపిరికి దక్షిణాన ఇదే సీమలో ఉన్న చిత్తూరు.

చిత్తూరు నాగయ్య పుట్టినది మాత్రం చిత్తూరులో కాదు. 1904లో గుంటూరు సీమలోని రేపల్లెలో జన్మించారు. ఇంటిపేరు ఉప్పలదడియం. చిత్తూరు రామవిలాస సభ ప్రదర్శించిన 'సారంగధర' నాటకం ఆయనకు ఖ్యాతిని, ఊరిపేరును ఒకేసారి ప్రసాదించింది. అందులో ఆయన ధరించినది ఏ భక్తుడి పాత్రో అనుకొంటే పొరపాటు. సవతి కుమారుణ్ణి మోహించి, అతడు తిరస్కరించగా నింద మోపిన రాణి చిత్రాంగి వేషమది! పురుషులు స్త్రీ పాత్రలు ధరించడం ఆనాటి రంగస్థలానికి కొత్త కాదు. కాని అంతటి కుటిలత్వాన్ని మెప్పించిన నటుడే తరువాతి కాలంలో సాత్త్వికతకు ప్రతిరూపం కావడం ఆశ్చర్యకరం.

1938లో 'గృహలక్ష్మి' చిత్రంతో ఆయన తెరపైకి వచ్చారు. మరుసటి ఏడు వాహినీ వారి 'వందేమాతరం'లో నటించడమే కాక సంగీతమూ సమకూర్చారు. 1943లో 'భక్త పోతన', 1947లో 'యోగి వేమన' వెలువడ్డాయి. నడుమ 1945లో వచ్చిన 'స్వర్గసీమ'లో, రంగస్థల నటి వ్యామోహంలో పడి ఇల్లాలిని విస్మరించిన గృహస్థుగా కనిపించారు. భక్తుడి ముద్రకు లొంగని నటన అది. అదే ఏడు తమిళ 'మీరా'లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సరసన రాణా పాత్ర పోషించారు. ఇక 1946 నాటి 'త్యాగయ్య'కు నిర్మాత, దర్శకుడు, సంగీతకర్త, గాయకుడు, నటుడు అన్నీ ఆయనే. రంగస్థలం నుంచి హాలీవుడ్‌కు వెళ్లి, పాత్రపాత్రకూ రూపం మార్చుకొన్న పాల్ ముని అనే నటుడితో బాబూరావు పటేల్ ఆయనను పోల్చారు.

సంపాదించినది ఆయన చేతిలో నిలువలేదు. అడిగినవారికి లేదనలేని స్వభావమని సమకాలికులు చెప్పుకొనేవారు. 1964లో స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించిన 'రామదాసు' విడుదలైంది. 1965లో పద్మశ్రీ లభించింది. అయినా చివరి దశలో తండ్రిగా, తాతగా, సాధువుగా చిన్నచిన్న పాత్రలతోనే కాలం గడిచింది. ఒకనాడు చిత్రాన్నంతా తన భుజాలపై మోసిన నటుడు రెండు మూడు సన్నివేశాలకు పరిమితం కావడం ప్రేక్షకులకు బాధ కలిగించి ఉండవచ్చు; ఆయన నటనలో మాత్రం ఆ చిన్నతనం కనిపించదు.

1973 డిసెంబరు 30న మద్రాసులో నాగయ్య కన్నుమూశారు. ఆ నగరంలోని పానగల్ పార్కులో ఆయన విగ్రహాన్ని నెలకొల్పారు.