బుల్లెట్ కొరుకుడేంది?

మానుకోటలో మార్చి అంటే మిర్చి. మా ఇల్లు మార్కెట్ యార్డుకు దగ్గర. బస్తాలు దింపుతుంటే లేచే ఘాటు కిటికీలు మూసినా ఆగేది కాదు. ఆ ఘాటులోనే కూచుని ఇంగ్లీషు నేర్పే రాపిడెక్స్ పుస్తకం పైకి చదివేవాణ్ని. "మిరపకాయకు దగ్గుతున్నవా, ఇంగ్లీషుకు దగ్గుతున్నవా బిడ్డా?" అని అమ్మ వంటింట్లోంచి అడిగేది. ఇంటర్ దాకా తెలుగు మీడియమే నాది. కపిల్‌దేవ్ ప్రకటన చూసి కొన్న పుస్తకం అది.

గ్రామర్ ఎట్లాగో పట్టుబడింది. ఇడియమ్స్‌తోనే తంటా. విడివిడిగా ప్రతి మాటా తెలిసిందే, కలిపితే ఒక్కటీ అంతుపట్టదు. పొడుగాటి నోటుబుక్కులో ఎడమవైపు ఇడియమ్, కుడివైపు తెలుగు రాసుకునేవాణ్ని. దాంతోపాటు కొంత పొగరూ వచ్చింది. పక్కింటాయనకు పంట దెబ్బతిని కూచుంటే, ఓదార్పుగా నోటుబుక్కులోంచి ఒకటి తీసి వదిలాను. ఏది వదిలానో గుర్తులేదు. ఆయన తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

మేనమామ భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు. సెలవులిస్తే హన్మకొండలో బస్సెక్కి పరకాల మీదుగా పోయేవాణ్ని. అప్పుడివన్నీ వరంగల్ జిల్లాలోవే. జనగామ, మహబూబాబాద్ (అదే మా మానుకోట), భూపాలపల్లి వేరువేరు జిల్లా కేంద్రాలయింది 2016లో గదా. అవి పీపుల్స్‌వార్ నక్సలైట్ల రోజులు. 1997 కావచ్చు, 98 కావచ్చు, ఒక సాయంత్రం దారిలో పోలీసులు బస్సాపి పడుచు పిల్లగాండ్లను కిందికి దింపారు. నా సంచిలో రెండు అంగీలు, సకినాలు, ఆ నోటుబుక్కు. టార్చిలైటు వేసి పేజీలు తిప్పుతున్నాయన ఒకచోట ఆగాడు.

"బైట్ ది బుల్లెట్. ఏం బుల్లెట్‌రా ఇది? కొరుకుడేంది?"

"కష్టాన్ని ఓర్సుకొనుడు సార్."

"మరి ఇది? బరీ ది హ్యాచెట్. గొడ్డలి ఎక్కడ పాతిపెట్టిన్రు?"

"రాజీ పడుడు సార్."

"కోడు భాషనా?"

"ఇంగ్లీషు సార్."

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకో పెద్దాయన వచ్చి సగం పేజీ చదివి, "మా పోరడు సుత గివే బట్టీ కొడుతుండు, పోనియ్" అన్నాడు. నన్ను అడిగినాయన ముఖం ఎంత తలుచుకున్నా రాదు. టార్చి పట్టుకున్న వేలికి ఎర్రరాయి ఉంగరం ఉండేది.

నోటుబుక్కులోని ముక్క ఒకటి మనిషి నోట మొదటిసారి విన్నది జనగామలో. ఏదో ఎక్స్‌ప్రెస్‌కు దారివ్వడానికి మా పాసింజర్ బండిని లూప్‌లైన్లో పెట్టారు. కాజీపేటలో ఎక్కిన ఆంగ్లో ఇండియన్ పెద్దాయన ఎదురుగా పల్లీలు ఒలుచుకుంటున్నాడు. రైల్వే కొలువుల వల్ల కాజీపేటలో అలాంటి కుటుంబాలు ఉండేవి. ఎక్స్‌ప్రెస్ దడదడలాడుతూ పోయింది. ఇక కదిలినట్టే అని నేను సంబరపడుతుంటే, "వి ఆర్ నాట్ అవుట్ ఆఫ్ ది వుడ్స్ యెట్, సన్" అన్నాడు పొట్టు ఊదుకుంటూ. గండం ఇంకా గడవలేదని. చాయ్ తాగుదామా అన్నంత మామూలుగా అన్నాడు. ఎర్రసిరాతో గీత గీసుకున్న ముక్క! అన్నట్టే వెనక ఇంకో ఎక్స్‌ప్రెస్ వచ్చింది. సికింద్రాబాద్ దాకా ఆయనతో ఏం మాట్లాడానో పూర్తిగా చెరిగిపోయింది. అవసరానికి మించి నవ్వాననుకుంటా.

2022 నుంచి సర్కారు బళ్లలో ఒకటో తరగతి నుంచే ఇంగ్లీష్ మీడియం పెట్టారు. ఆ పిల్లల పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు. మొదటిసారి చూసినప్పుడు నా నోటుబుక్కును ఎవరో అచ్చేయించినట్టనిపించింది. కొంచెం కుళ్లుకున్నాను కూడా.

అప్పటి బస్సు సోదా సంగతి విని మామ పగలబడి నవ్వాడు. ఫస్ట్ షిఫ్ట్ దిగి స్నానం చేసినా కనురెప్పల అంచున బొగ్గు అట్లాగే ఉంది. మస్టర్, ఓవర్‌మెన్, ప్లేడే అంటూ రోజంతా ఇంగ్లీషు మాటలతోనే బతికే మనిషి, "నాకూ ఒకటి నేర్పురా అల్లుడూ" అన్నాడు. "పాస్ ది బక్" చెప్పాను, తన మీది పని ఇంకొకరి మీదికి నెట్టడమని. రెండుసార్లు చెప్పించుకున్నాడు. మళ్లీ సెలవులకు పోయేసరికి వాళ్ల బాయిలో ఒకాయనకు "బక్కు సారు" అని పేరు పడిపోయింది. ఆ సారు బాగా లావట. తన ఒళ్లు చూసి "బక్క సారు" అని వెక్కిరిస్తున్నారనుకుని రాత్రి అన్నం మానేశాడని మామ చెప్పాడు. అందులో మామ కలిపింది ఎంతో నాకు తెలియదు.